తలుపు వెనక మొదటి కుట్టు

“అది అరిచింది తల్లీ. అరవలేదని నేనెప్పుడైనా అన్నానా? కంప్యూటరు తెర మూలన ఎర్రగా వెలిగి, వద్దు వద్దని ఒకటే గోల. గుమ్మంలోకి కొత్త మనిషి వస్తే కుక్క మొరిగినట్టు మొరిగింది. నేనేం చేశాను? దాని నోరు కట్టేశాను. ఇదిగో, ఈ చేత్తోనే.”

పేటంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఒబ్దూలియా కుడిచెయ్యి నా ముందుకు చాపింది. చూపుడువేలి కొసన సూది పోట్లకు చర్మం కాయ కట్టి, బఠాణీ గింజంత గట్టిపడి ఉంది. ఆ వేలితోనే ఆవిడ మౌస్ నొక్కుతుంది, అదే వేలితో దారం తడిపి సూదిలోకి ఎక్కిస్తుంది, మాటలో పట్టు కావాలంటే అదే వేలు ఆడిస్తుంది. వెనకాల ఆరు సూదుల మిషను టకటకలాడుతోంది. నా దుప్పటి అంచు మీద గుమ్మడిపూల తీగ ఒక్కో ఆకే పుట్టుకొస్తోంది. అది పూర్తయ్యేదాకా కూర్చోమని కాఫీ ఇచ్చింది. దాల్చిన చెక్క వేసి మట్టికుండలో కాచిన కాఫీ, పక్కన గోర్దీతాలు, చిక్కుళ్ళు కూరిన మందపాటి మొక్కజొన్న రొట్టెలు.

వాళ్ళ ఇంటికి రెండు గుమ్మాల అవతలే నేనుండేది. మా లా మదేహా పేటలో కుట్టుపని తెలియని ఇల్లు వెతికినా దొరకదు. ఆగ్వాస్‌కాలియెంతెస్ నగరం నుంచి వచ్చే బస్సు మా మలుపులో ఆగితే, దిగేవాళ్ళ భుజాల మీద పూలు కుట్టించుకోవాల్సిన చొక్కాలో, గౌనులో, బల్లగుడ్డలో ఉండి తీరతాయి. ఒబ్దూలియాకు ఏం జరిగిందో అది జరిగిన రోజుల్లోనే ముక్కలు ముక్కలుగా విన్నాను. ఆవిడ నోట మొదటినుంచి చివరిదాకా వినడం మాత్రం ఆ మధ్యాహ్నమే.

ఒబ్దూలియా తల్లి పేరు దోమితిలా. బడికి వెళ్ళింది తక్కువ, బొమ్మ వేసింది ఎక్కువ. రొట్టెలు కట్టి ఇచ్చే గోధుమరంగు కాగితం సంచులను విప్పి, ఇస్త్రీ చేసి, వడ్రంగి పెన్సిలుతో వాటిమీద పూలు గీసేది. గుమ్మడిపూల తీగ, ముళ్ళతో సహా నాగజెముడు పువ్వు, పగిలి గింజలు కనబడే దానిమ్మ, చూరు కింద గూడు కట్టే వానపిట్టలు. పేటలో పెళ్ళి జరిగినా, పసిపిల్లకు నామకరణం చేసినా ఆ బొమ్మల్లో ఒకటి ఎక్కడో ఒకచోట ఉండేది. దోమితిలా వాటిని చేత్తో కుట్టేది. కూతురికి అంత ఓపిక లేదు. ఆ మాట కూతురే ఒప్పుకుంటుంది.

“మా అమ్మ ఒక రేకు కుట్టేలోపు నేను మూడుసార్లు లేచి నీళ్ళు తాగొచ్చేదాన్ని. ‘నీకు పిర్ర కింద చీమలున్నాయే’ అనేది. అందుకే చొక్కాల ఫ్యాక్టరీకి పోయాను. కాలర్లు కుట్టాను. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లే. మనిషి ముఖం గుర్తుండేది కాదు, మెడ మాత్రం గుర్తుండేది.”

ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు యజమాని చివరి జీతాలకు బదులు పనివాళ్ళకు మిషన్లు పంచిపెట్టాడు. కొందరికి బొత్తాలు కుట్టేవి వచ్చాయి, కొందరికి కత్తిరించేవి. ఒబ్దూలియాకు ఈ ఆరు సూదుల ఎంబ్రాయిడరీ మిషను, దానితోపాటు ఒక కంప్యూటరు వచ్చాయి. బొమ్మను కుట్లుగా మార్చి మిషనుకు చెప్పే ప్రోగ్రాం అందులోనే ఉంది. దానికి లైసెన్స్ అనేది ఒకటుంటుందనీ, దాని ధర ఇంచుమించు మిషనంత ఉంటుందనీ ఆవిడకు చాలా ఏళ్ళదాకా తెలియదు. ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని ఎలా తెరిచారో ఎవరూ అడగలేదు. తెరుచుకుంది, అంతే.

తల్లి గీసిన బొమ్మలన్నిటినీ ఆవిడ ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించింది. ముసలావిడ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని తెర వైపు వేలు చూపిస్తూ తిట్టేది.

“‘ఆకు అటు తిరగదే! గుమ్మడి ఆకు ఎప్పుడైనా చూశావా, తినడమేనా?’ అనేది. చెరిపేదాన్ని, మళ్ళీ గీసేదాన్ని. ‘ఇప్పుడు పర్లేదు. నాది ఇంకా బాగుంటుంది కానీ ఇది పర్లేదు’ అనేది. ఆ మాటకోసం నేను రోజంతా కూర్చునేదాన్ని తల్లీ. పిర్ర కింద చీమలన్నీ ఎక్కడికి పోయాయో.”

దోమితిలా పోయాక ఒక వానాకాలం ఇంటికప్పు కారింది. కాగితాలన్నీ తడిసి ఒకదానికొకటి అంటుకుని దిమ్మెలా తయారయ్యాయి. విడదీయబోతే పొడి పొడిగా రాలాయి. ఒబ్దూలియా ఏడ్చింది కానీ ఎక్కువసేపు ఏడవలేదు. కంప్యూటర్లో ఉన్నాయిగా అనుకుంది. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది. దానికి ఎర్ర రిబ్బను కట్టి, పునీతుడి చిన్న బిళ్ళ తగిలించి, ఎవరికైనా ఇచ్చినప్పుడు తప్ప ఎప్పుడూ కంప్యూటరుకే గుచ్చి ఉంచేది. మా పేటలో అందరిదీ అదే పద్ధతి. ఎవరికైనా కొత్త డిజైను కావలిస్తే పక్కింటి తలుపు తట్టి, “వదినా, మీ రిబ్బను ఒకసారి ఇస్తావా?” అని అడుగుతారు. పంచదార అడిగినట్టే. వాడుకున్నాక తిరిగి ఇచ్చేస్తారు.

తరవాత కంప్యూటరు ముసలిదైపోయింది. కొత్తది కొన్నాక పాత ప్రోగ్రాం తెరుచుకోనని మొండికేసింది. తెర మధ్యలో డబ్బా ఒకటి వచ్చి లైసెన్స్ అడిగింది. ఒబ్దూలియా సంతకెళ్ళి ఫిదెన్సియోను పిలుచుకొచ్చింది.

ఫిదెన్సియోది బస్టాండు వెనక సంతలో చిన్న దుకాణం. ఫోను కవర్లు, చార్జర్లు అమ్ముతాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. నలభై దాటిన మనిషి, బొజ్జ మీద ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఆనించుకుని నడుస్తాడు. దోమితిలా అతనికి జ్ఞానస్నానపు తల్లి, అందుకని ఒబ్దూలియాను అక్కా అంటాడు.

“వాడు నాకు చెడు చెయ్యాలని చెయ్యలేదు. అది ముందు రాసుకో” అంది ఒబ్దూలియా. నా చేతిలో కాఫీ కప్పు తప్ప ఏమీ లేదు. అయినా తలూపాను.

ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలను ఆవిడ రెండు గొంతులతో ఆడి చూపించింది.

“‘అక్కా, ఇది చిన్న పనిముట్టు. తాళంచెవి లోపలే ఉందని తాళాన్ని నమ్మిస్తుంది, అంతే. సంతలో అందరం ఇదే వాడతాం’ అన్నాడు. సరే కానియ్యి అన్నాను. అప్పుడే ఆ ఎర్రది అరిచింది. ‘ఇదెందుకురా అరుస్తోంది?’ అంటే, ‘అది యాంటీవైరస్ అక్కా, కాపలావాడు. వీటన్నిటికీ అరుస్తుంది. కంపెనీవాళ్ళు నేర్పిన గోల. ఆపెయ్యి. ఆపకపోతే ఈ పనిముట్టు పనిచెయ్యదు’ అన్నాడు. ‘కాపలావాణ్ణి మళ్ళీ ఎప్పుడు లేపాలి?’ అన్నాను. ‘లేపితే ఈ పనిముట్టు పోతుంది, అలాగే ఉండనీ’ అన్నాడు. ‘ఆపమంటావా అని ఇది అడుగుతోందిరా’ అంటే, ‘నొక్కు అక్కా, ఇల్లు నీది, మిషను నీది, నొక్కడానికి భయమా?’ అని ఎగతాళి చేశాడు. నేను భయపడేదాన్నా? నొక్కాను.”

ప్రోగ్రాం తెరుచుకుంది. ఒబ్దూలియా అతనికి కడుపునిండా మెనూదో పులుసు పోసి పంపింది. కొన్ని వారాలు అంతా సాఫీగా గడిచింది. ఒక్కటే తేడా. ఎవరూ ముట్టుకోకపోయినా కంప్యూటరు లోపలి ఫ్యాను హోరుమని తిరిగేది.

“దారం ఎక్కించకుండా మిషను తిప్పితే ఒక చప్పుడు వస్తుంది, విన్నావా? అలాంటి చప్పుడు. లోపల ఎవరో పని చేసుకుంటున్నారు, ఆ పని నాది కాదు. నాకు తెలిసింది తల్లీ, చెవికి తెలిసింది. బుర్రకే తెలియలేదు. ఎండలకు వేడెక్కిందేమో అనుకుని పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాను. లోపల దొంగ కూర్చుంటే వాడికి గాలి విసిరాను!”

అలా అని తనే పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ ఉదయం గురించి చెప్పేటప్పుడు నవ్వలేదు.

ఆ ఉదయం కంప్యూటరు తెరిస్తే డిజైన్లన్నిటి పేర్లూ మారిపోయి ఉన్నాయి. గుమ్మడితీగ లేదు, దానిమ్మ లేదు. వాటిచోట పిచ్చి అక్షరాలు. దేన్ని నొక్కినా తెరుచుకోలేదు. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. ఫిదెన్సియో పరుగెత్తుకొచ్చి చదివాడు. డబ్బు పంపితే తాళం తీస్తారట. పెన్‌డ్రైవ్ చూద్దామన్నాడు. అది కంప్యూటరుకే గుచ్చి ఉంది కదా, దానిలోవి కూడా అలాగే అయిపోయాయి. పునీతుడి బిళ్ళ మాత్రం రిబ్బనుకు మెరుస్తూ వేలాడుతోంది.

“వాడు నేలమీద కూలబడ్డాడు. ‘అక్కా, ఆ పనిముట్టు తయారుచేసినవాడెవడో నాకు తెలియదు. ఎవడో ఎవడికో ఇచ్చాడు, వాడు నాకిచ్చాడు. దారిలో ఎవడు లోపల ఏం పెట్టాడో ఎవరు చూశారు? తాళం తియ్యమని పిలిచినవాడికి ఇల్లంతా అప్పజెప్పి, మొరిగే కుక్కను మన చేత్తోనే కట్టేశాం’ అన్నాడు. ‘డబ్బు పంపుదామా?’ అన్నాను. ‘పంపితే ఇస్తాడని ఏం నమ్మకం అక్కా? వాడు దొంగ’ అన్నాడు. అప్పుడు నాకు డబ్బు గుర్తు రాలేదు, బల్లగుడ్డల ఆర్డర్లూ గుర్తు రాలేదు. మా అమ్మ ముక్కాలిపీట గుర్తొచ్చింది. ఆమె అన్ని రోజులు కూర్చుని తిట్టిన తిట్లన్నీ పోయాయి అనిపించింది.”

అవును, ఆర్డర్లు కూడా ఉన్నాయి. దోమితిలా పూల కోసమే జనం ఆ గుమ్మానికి వచ్చేది. ఆ పూలు లేకపోతే ఆరు సూదుల మిషను ఎవరింట్లోనైనా ఉండే మిషనే.

ఫిదెన్సియో ఆ రోజు ఇంకో పని చేశాడు. ఆ వారాల్లో ఒబ్దూలియా రిబ్బను ఎవరెవరిళ్ళకు వెళ్ళివచ్చిందో అడిగి, ఆ ఇళ్ళన్నీ తిరిగాడు. “అమ్మా, తప్పు నాది, ముందు కంప్యూటరు ఆపు, తరవాత తిట్టు” అంటూ ఒక్కో గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇంటికీ వచ్చాడు. రెండిళ్ళలో ఆ జబ్బు దొరికింది, ఇంకా ముదరలేదు. దుకాణం ముందు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించాడు: “ఇక్కడ దొంగ తాళాలు తియ్యబడవు. ఎందుకో దోన్యా ఒబ్దూలియాను అడగండి.” పేరు ఎందుకు రాశావురా అని ఆవిడ కోప్పడితే, “నా పేరు రాస్తే ఎవడు నమ్ముతాడక్కా?” అన్నాడట.

ఇక మొదటి కుట్టు సంగతి.

మా పేటలో కొత్త డిజైను దేన్నైనా మొదటిసారి కుట్టిన ముక్కను అమ్మరు, తొడుక్కోరు. మరియమాత చిన్న గుడిలో గోడపొడవునా వేలాడే తెల్లగుడ్డకు దాన్ని కుట్టించేస్తారు. పువ్వు ఇచ్చిన తల్లికి మొదటి పువ్వు. చేతికుట్టు కాలం నుంచి అది ఆనవాయితీ. ఒబ్దూలియా కూడా తు.చ. తప్పకుండా పాటించింది. మిషను మీద కుట్టిన ప్రతి కొత్త డిజైను మొదటి ముక్కనూ గుడికి పంపింది. అక్కడే తగువు వచ్చింది.

గుడి తాళంచెవి దోన్యా కాసిమిరా దగ్గర ఉంటుంది. గుడ్డకు ముక్కలు కుట్టేదీ ఆవిడే. పుట్టి బుద్ధెరిగాక మిషను ముట్టని మనిషి. మిషను కుట్టిన మొక్కుబడి మొక్కుబడేనా అని మొదటిరోజే మూతి తిప్పింది. “కరెంటుకు భక్తి ఉంటుందా?” అని అడిగింది. “కరెంటు బిల్లు కట్టేది నేనేగా, భక్తి ఆ బిల్లులో ఉంది” అని ఒబ్దూలియా జవాబిచ్చింది. కాసిమిరా ముక్కల్ని వద్దనలేదు, వద్దనే హక్కు లేదు. కానీ వాటినన్నిటినీ గుడ్డ చివరి కొసకు, తలుపు తీస్తే దాని వెనక పడే చీకటి మూలలో కుట్టింది. పూజకు వచ్చినవాళ్ళ కంట పడకుండా. ఆ అవమానాన్ని ఒబ్దూలియా ఏళ్ళ తరబడి మరిచిపోలేదు. గుడికి వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు వైపు చూసి పళ్ళు నూరేది.

“ఏడ్చి ఏడ్చి మూడోరోజో నాలుగోరోజో గుడికెళ్ళాను. మొక్కడానిక్కాదు, పోట్లాడడానికి. ‘నీకే ఇచ్చాను కదమ్మా అన్నీ, నువ్వు నా వాటిని కాపాడొద్దా?’ అని మాతను అడుగుదామని. అడిగేశాను కూడా, గట్టిగా. కాసిమిరా కొవ్వొత్తులు తుడుస్తోంది. ‘అరవకు, ఆవిడకు చెవుడు లేదు’ అంది. వెనక్కి తిరిగి తలుపు విసురుగా లాగాను. అదిగో. నా ఎదురుగా మా అమ్మ గుమ్మడితీగ.”

తలుపు వెనక ఎండ పడదు. గుడ్డ ముందుభాగంలో ఉన్న పేటవాళ్ళ ముక్కలన్నీ కిటికీ వెలుగుకు వెలిసిపోయి బూడిదరంగుకు వచ్చాయి. చీకటి మూలలో పెట్టినవి మాత్రం నిన్న కుట్టినట్టున్నాయి. పసుపు పసుపుగా, దానిమ్మ ఎరుపు ఎరుపుగా.

అయితే ముందువైపు చూసి డిజైను మళ్ళీ చెయ్యడం కుదరదు. పువ్వు ఎలా ఉందో తెలుస్తుంది కానీ, దారం ఎక్కడ మొదలై ఎటు దూకి ఎక్కడ ముడిపడిందో గుడ్డ వెనకవైపే చూడాలి. దోమితిలా పట్టుబట్టి దిద్దించిన మలుపులన్నీ అక్కడే ఉన్నాయి. ముక్కలు విప్పితే తప్ప ఆ వెనకవైపు కనబడదు. మాతకు ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమంటే మా పేటలో నోటితో అనే మాట కూడా కాదు.

“అడగలేక అడిగాను. ‘నేను విప్పుకోనా?’ అని. ‘చెయ్యి వేశావంటే ఊరుకోను’ అంది కాసిమిరా. సరే, అయిపోయింది అనుకున్నాను. గుమ్మం దాటబోతుంటే, ‘ఏయ్ కాలర్ల పిల్లా’ అని పిలిచింది. యాభై దాటిన నన్ను పట్టుకుని పిల్లా అని! ‘ఇచ్చినదానివి నువ్వు విప్పకూడదు. కుట్టినదాన్ని నేను, నేను విప్పొచ్చు. గుడ్డ మాత్రం గుడి దాటదు. ఆ బొజ్జాయన్ని ఇక్కడికే రమ్మను’ అంది.”

అలా మొదలైంది. ఆదివారం పూజ అయ్యాక ఫిదెన్సియో ఫోను పట్టుకుని వచ్చేవాడు. కాసిమిరా కళ్ళద్దాలు తుడుచుకుని, చిన్న కత్తెరతో ముక్క ఒక అంచు మాత్రం విప్పి, వెనక్కి తిప్పి పట్టుకునేది. అతను దాని పక్కన స్కేలు పెట్టి ముందూ వెనకా ఫొటోలు తీసేవాడు. తీసిన వెంటనే కాసిమిరా అదే చోట అదే కుట్టుతో మళ్ళీ కుట్టేసేది. ఫిదెన్సియో ఫొటో మసకగా వస్తే, “తాళాలు తీసేటప్పుడు చెయ్యి కుదురుగానే ఉందిగా!” అని ఎత్తిపొడిచేది. ఒకసారి దానిమ్మ ముక్క వెనకవైపు దారం వెంట వేలు పెట్టి చివరిదాకా చూసిందట. తరవాత, “మిషను కుట్టినా మలుపు దోమితిలాదే” అందట. ఆ ఒక్క మాటకు ఒబ్దూలియా ఆవిడకు ఏళ్ళ నాటి పళ్ళు నూరడం అంతా మాఫీ చేసింది.

డబ్బు తీసుకోకుండా అందరికీ ఇచ్చే ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం ఒకటి ఉందని ఫిదెన్సియోనే వెతికి పట్టుకున్నాడు. ఎక్కడెక్కడి మనుషులో కలిసి తయారుచేసి, వాడుకోమని వదిలేశారట. తయారుచేసినవాళ్ళ దగ్గరినుంచే నేరుగా తెచ్చుకున్నాడు. అది ఎక్కించినప్పుడు కాపలావాడు అరవలేదు.

“పాతదానికంటే నెమ్మది. రెండు మూడు పనులు చెయ్యదు. అయినా పొద్దున దాన్ని తెరిచేటప్పుడు నా గుండె దడదడలాడదు తల్లీ. వాళ్ళెవరో నా ముఖం ఎరగరు, నేను వాళ్ళ పేరెరగను. ఏ దేశంలో కూర్చుని చేశారో. రోజూ మిషను ఆన్ చెయ్యగానే వాళ్ళకో దండం పెడతాను.”

అన్నీ తిరిగి రాలేదు. వానపిట్టల బొమ్మ దాదాపు పోయినట్టే. దోమితిలా పోయిన ఏడాది కాసిమిరా ఆవిడ మీద గౌరవంతో ఆ ఒక్క ముక్కను తలుపు వెనక పెట్టకుండా, కిటికీ పక్కన అందరికీ కనబడేలా కుట్టింది. ఎండ దాన్ని తినేసింది. దారం పిండిలా రాలి, గుడ్డ మీద సూది చిల్లులు మాత్రం మిగిలాయి. ఒబ్దూలియా ఆ చిల్లులను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ, తెలియనిచోట తల్లి ఏమని తిట్టి ఉండేదో తలుచుకుంటూ, నెలల తరబడి దాన్ని మళ్ళీ గీసింది. రెక్కలు సరిగ్గా అవేనా అంటే తెలియదంటుంది. “నాది ఇంకా బాగుంటుంది కానీ ఇది పర్లేదు, అని ఉండేది” అంటుంది.

మిషను ఆగింది. సూదులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఒబ్దూలియా నా దుప్పటిని చట్రం నుంచి విడదీసి, వెనకవైపు తిప్పి, దారపు కొసలు కత్తిరించి, మడిచి చేతికిచ్చింది. తరవాత అల్మరాలోంచి ఎర్ర రిబ్బను తెచ్చి కంప్యూటరుకు గుచ్చింది. ఆ రోజు పని దానిలోకి ఎక్కించి, బయటికి తీసి, మళ్ళీ అల్మరాలో బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఇప్పుడు అది రోజంతా గుచ్చి ఉండదు. ఎవరైనా రిబ్బను అడిగితే, దాన్ని మాత్రం ఇవ్వదు. అడిగిన డిజైను ఒక్కటే ఎక్కించి వేరేది ఇస్తుంది.

“ఒక్క నిమిషం ఆగు, పోకు. గుడి వైపే కదా నువ్వెళ్ళేది?”

లోపలికెళ్ళి అరచేతంత గుడ్డముక్క తెచ్చింది. చూరు కింద మూడు వానపిట్టలు, ఒకటి గూట్లోకి దూరబోతోంది. బొగ్గు రంగు వీపులు, ముదురు ఇటికరంగు గొంతులు. నిన్న సాయంత్రమే మిషను మీద మొదటిసారి కుట్టిందట. ఇంకో చేత్తో గోర్దీతాలు కట్టిన గుడ్డమూట నా సంచిలో పెట్టింది.

“ఇవి ఫిదెన్సియోకి. చల్లారకముందే ఇవ్వు, చల్లారితే తినడు, నీకు చెప్పడు. ఈ పిట్టల్ని కాసిమిరాకి ఇవ్వు. ఆవిడ మళ్ళీ మంచితనానికి పోయి కిటికీ దగ్గర పెట్టాలని చూస్తుంది. దగ్గరే నిలబడు, ఒప్పుకోకు. ఒబ్దూలియా బతిమాలుకుంటోందని చెప్పు తల్లీ. తలుపు వెనకే కుట్టమను, చీకట్లో, గుమ్మడితీగ పక్కన.”